వాగులో దొరికిన సంచి

ఆ గుడ్డ తనదేనని సెనాయిదా ఒప్పుకునేలోపే మిగతా ఆడవాళ్ళంతా గుర్తుపట్టేశారు.

"అది మీ ఇంటి రొట్టెల గుడ్డ కదూ?" అంది రుఫీనా, ముక్కుకి అడ్డం పెట్టుకున్న శాలువా అంచు తీసేసి మరీ.

నాలుగు మూలలా ఎర్రదారంతో దానిమ్మ పువ్వులు. ఒక పువ్వుకి ఒక రేక తక్కువ. దారం అయిపోతే తర్వాత కుడదామని వదిలేసి మర్చిపోయింది సెనాయిదా. పెనం మీంచి తీసిన మొక్కజొన్న రొట్టెలు చల్లారకుండా చుట్టిపెట్టడానికి తన చేత్తో కుట్టుకున్న గుడ్డ అది. ఈస్టర్ తర్వాత నుంచీ కనబడటం లేదు. దండెం మీంచి గాలికి ఎగిరిపోయి ఉంటుందనుకుంది.

ఇప్పుడది వాగు గట్టున, చిరిగిన నల్ల సంచిలోంచి బయటికొచ్చి, అబుందియోగారి కర్ర కొసకి వేలాడుతోంది.

అబుందియోగారు కొండమీది కాలనీకి సంఘం పెద్ద. ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి. కర్ర అలాగే పట్టుకుని సెనాయిదా వైపు చూశాడు.

"ఇంకా తియ్యమంటావా అమ్మా?"

పొద్దున్నించీ ఆయన ఆ ప్రశ్న అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. "తియ్యండి, ఒక్కటి కూడా వదలొద్దు" అని పక్కన నిలబడి తీయిస్తున్నది సెనాయిదానే. మొన్నటి వానకి తూము పూడిపోయి, వాగు వెనక్కి తన్ని కసిమీరా వంటిల్లు ముంచేసింది. తూముకి అడ్డంపడ్డ సంచులన్నీ విప్పి, ఎవరివో తేల్చాల్సిందేనని పట్టుబట్టింది సెనాయిదానే. ఎవరి సంచి దొరికితే ఆ ఇంటి చెత్త వానాకాలం వెళ్ళేదాకా బండి ఎక్కకూడదు, వాగంతా ఆ ఇంటివాళ్ళే బాగుచెయ్యాలి అని సంఘం చేత తీర్మానం చేయించిందీ ఆమే.

"తియ్యండి," అంది. ఆ గొంతు తనకే కొత్తగా వినిపించింది.

కర్ర మళ్ళీ సంచిలోకి వెళ్ళింది.

పొట్లాలు బయటపడ్డాయి. మందపాటి గోధుమరంగు కాగితంలో చుట్టి, దారంతో కట్టిన పొట్లాలు. తడిసి ముద్దయినా కాగితం మీద నీలం సుద్ద గీతలు, భుజం కొలత, చంక కొలత ఇంకా తెలుస్తున్నాయి. ఆ కొండ మీద బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది ఒక్క ఫిదెన్సియోనే. సెనాయిదా మొగుడు.

ఇక ఎవరిల్లని అడగాల్సిన పని లేకపోయింది.

కింద ఉన్న పొట్లాలు కుళ్ళిపోయాయి. పైన ఉన్నది కొత్తది. అబుందియోగారు కర్రతో దాని దారం తప్పించాడు. నాలుగు మడతలు పెట్టిన రొట్టెలు, నల్ల చిక్కుడు గింజలు, గడ్డకట్టిన పసుప్పచ్చ పులుసులో ఒక కోడికాలు.

ఆదివారం వండిన కూర. ఆ కాలు ఎవరి కంచంలో వేసిందో సెనాయిదాకి బాగా గుర్తుంది.

దానిమీద పంటిగాటు కూడా లేదు.

"అమ్మమ్మమ్మ!" అంది రుఫీనా. "ఉల్లిపొట్టు ఒక బకెట్లో, ప్లాస్టిక్ ఒక బకెట్లో వేసి తెచ్చి ఈవిడగారికి చూపించి, సరే అనిపించుకుని బండిలో వెయ్యాలి మనం. ఈవిడేమో వండిన కోడిని వండినట్టే వాగులో పారేస్తుంది!"

"నేను కాదు," అంది సెనాయిదా.

"మరి కోడి దానంతటదే నడిచెళ్ళి పడిందా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు సెనాయిదాని చెంపదెబ్బలా తాకింది. ఆమె కళ్ళు కసిమీరాని వెతికాయి. మోకాళ్ళ దాకా బురదగౌనుతో, పొద్దున్నించీ అందరికంటే పెద్దగా అరిచింది ఆవిడే. పొయ్యి పోయింది, బియ్యం డబ్బా పోయింది, పెళ్ళినాటి పింగాణీ గిన్నెలు పోయాయి అని ఏడ్చింది ఆవిడే. ఇప్పుడు ఒక్క మాటయినా అంటుందనుకుంది సెనాయిదా. తిట్టినా బాగుండేది.

కసిమీరా ఆ పొట్లాం వైపు ఒక్కసారి చూసింది. మొహం పాలిపోయింది. వెనక్కి తిరిగి, చెప్పులు బురదలో అంటుకుపోతున్నా ఆగకుండా, తన ఇంటివైపు వెళ్ళిపోయింది.

"సాయంత్రం సభ ఉంది కదా," అన్నాడు అబుందియోగారు మెల్లిగా. "అక్కడ మాట్లాడుకుందాం. వెళ్ళమ్మా, నువ్వు ఇంటికెళ్ళు."

సెనాయిదా గట్టున పడ్డ గుడ్డ లాక్కుని కొండెక్కింది.

*

ఫిదెన్సియో మిషను తొక్కుతున్నాడు. ముందు నీలం లాగులు గుట్టగా ఉన్నాయి. వాటి మీద తడిగుడ్డ వచ్చి పడింది.

"ఏంటిది? సెనా! బట్ట పాడైపోతుంది!"

"ఎవరు పారేశారు?"

"ఏంటి పారేసింది?"

"నీ కటింగ్ కాగితాల్లో చుట్టి, నేను వండిన అన్నం, కూర, రొట్టెలు, సంచులకి సంచులు. వాగులో. ఊరంతా చూస్తుండగా కర్రతో పొడిచి తీశారు. నువ్వేనా?"

ఫిదెన్సియో మిషను చక్రం మీంచి చెయ్యి తీశాడు.

"నేనా? నేను పొద్దస్తమానం దీని ముందే కదే కూచునేది."

"మరి కాగితాలు?"

"కత్తిరించాక మిగిలిన ముక్కలు అమ్మ అడిగితే ఇస్తుంటాను. అల్మారాలో పరుచుకుంటానంటే..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఇద్దరూ ఒకేసారి లోపలి గది తలుపు వైపు చూశారు.

ఆ గదిలో ఫిదెన్సియో తల్లి దొమితిలా ఉంటుంది. కొంతకాలంగా భోజనం అక్కడికే తెప్పించుకుంటోంది. మోకాళ్ళు నొప్పి, బల్ల దగ్గరికి రాలేనంది. తలుపేసుకుని తింటుంది. కాసేపటికి ఖాళీ కంచం గుమ్మం దగ్గర పెడుతుంది.

"సెనా, ఆగు," అన్నాడు ఫిదెన్సియో. "నన్ను అడగనివ్వు."

ఆమె అప్పటికే గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకుని తలుపు తోసేసింది.

*

ముసలామె కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. అంత ఉక్కపోతలోనూ నల్ల శాలువా మెడదాకా చుట్టుకుంది. కోడలి చేతిలో గుడ్డ చూసింది. చూసి, కళ్ళు కిటికీ బయటికి తిప్పుకుంది.

"ఇదెక్కడ దొరికిందో తెలుసా అత్తయ్యా?"

"ఉతికితే పోతుందిలే మురికి."

"మురికి సంగతి కాదు నేనడిగేది!"

"అరవకు. కిందికి వినపడుతుంది."

"వినపడనీండి! ఇంకా వినడానికి ఏం మిగిలింది కిందివాళ్ళకి?" సెనాయిదా గుడ్డని నేలకేసి కొట్టింది. "నా వంట నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా. ఇన్నేళ్ళూ చెప్పారుగా! ఉప్పెక్కువైంది, పులుసు నీళ్ళలా ఉంది, రొట్టె అంచు ఎండిపోయింది. పెళ్ళైన మర్నాటి నుంచీ రోజుకొక వంక. ఈమధ్యే మానేశారు. కంచం ఖాళీగా తిరిగొస్తుంటే నేనేమనుకున్నానో తెలుసా?"

ముసలామె శాలువా మెడ చుట్టూ ఇంకా బిగించుకుంది.

"మురిసిపోయానత్తయ్యా. పిచ్చిదాన్ని. ఇన్నాళ్ళకి ఈవిడకి నా చేతివంట నచ్చిందని మా అక్కకి ఫోన్ చేసి చెప్పుకున్నాను. ఆ కోడికాలు నా పిల్లకి కూడా వెయ్యకుండా మీకు వేశాను. దాన్ని దారం కట్టి వాగులో పారేయిస్తారా? అంత అసహ్యమా నేనంటే?"

"అసహ్యం కాదు."

"మరేంటి?"

కిటికీ బయట వాగు ఇంకా బురదగా పారుతోంది. గట్టున జనం చెదిరిపోతున్నారు. దొమితిలా వాళ్ళనే చూస్తూ కూచుంది. తనవైపు తిరగకపోవడం సెనాయిదా కోపాన్ని ఇంకా పెంచింది. విసురుగా వంటింట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో కంచం ఉంది. వేడి రొట్టె, దాని మీద చిక్కుడు ముద్ద, కాస్త జున్ను.

కంచం అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"తినండి."

"సెనా, వద్దు," అన్నాడు గుమ్మంలోంచి ఫిదెన్సియో.

"నువ్వు మాట్లాడకు. అసహ్యం లేదన్నారుగా. తినమను. నా ఎదురుగా తినమను."

దొమితిలా కోడలి మొహం లోకి చాలాసేపు చూసింది. తర్వాత శాలువాలోంచి చెయ్యి బయటికి తీసి, రొట్టె చివర చిన్న ముక్క తుంచింది. పిచ్చుకకి వేసేంత ముక్క. నోట్లో పెట్టుకుంది.

నమిలింది. నములుతూనే ఉంది. సెనాయిదా చేతులు కట్టుకుని చూస్తోంది. ముసలామె మెడనరాలు బిగుసుకున్నాయి. కళ్ళు మూసుకుని మింగబోయింది. గొంతు ఒక్కసారి పైకి లేచి ఆగిపోయింది. కుర్చీ చేతుల మీద వేళ్ళు తెల్లబడ్డాయి. ఊపిరి అందక నోరు తెరిచింది.

"అమ్మా!"

ఫిదెన్సియో పరిగెత్తుకొచ్చి వీపు మీద చరిచాడు. ముక్క బయటపడింది. దాంతో పాటు నురగలాంటి జిగురు, దాంట్లో సన్నటి ఎర్రజీర.

దొమితిలా శాలువా అంచుతో మూతి తుడుచుకుంది. ఎవరి ఇంట్లోనో చిన్న వస్తువు పగలగొట్టిన మనిషిలా సిగ్గుపడుతూ, కంచం పక్కన పెట్టింది.

"దిగదమ్మాయ్," అంది. "నీ వంటే కాదు. ఏదీ దిగదు."



"ఎప్పటినుంచి?" అన్నాడు ఫిదెన్సియో.

"మొదట మాంసం దిగలేదు. తర్వాత రొట్టె. ఇప్పుడు పల్చటి జావ, చారునీళ్ళు. అవీ మెల్లిగా."

శాలువా జారింది. ఫిదెన్సియో తల్లి మెడని చూశాడు. కాలర్ ఎముకల కింద గుంటలు చూశాడు. వంటి మీది గౌను తను కుట్టిందే.

"రెండుసార్లు," అన్నాడు. ఎవరితో అంటున్నాడో అతనికే తెలియదు. "రెండుసార్లు ఈ గౌను చిన్నది చెయ్యమని ఇచ్చింది. పక్కకుట్లు లోపలికి తీసి ఇచ్చాను. బట్ట సాగిపోయిందిరా అంటే నమ్మాను. టేపు పెట్టి కొలిచాను కూడా. నా చేతుల్తో..."

గోడకి ఆనుకుని అలాగే నేల మీద కూలబడ్డాడు.

సెనాయిదా కంచం వైపు చూసింది. ఆ ముక్క నోట్లో పెట్టించింది తను. చేతులు కట్టుకుని నిలబడి చూసింది తను. మోకాళ్ళ మీద కూచుని అత్తగారి పాదాలు పట్టుకుంది.

"లే," అంది దొమితిలా. "నాకు చక్కిలిగింత."

"ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"మా అక్క తొమాసా చెప్పింది. అందుకే చెప్పలేదు."

ఆవిడ కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"దానికీ ఇలాగే మొదలైంది. పట్నం తీసుకెళ్ళారు. పొట్టకి కన్నం పెట్టి గొట్టం వేశారు. ఇంటికి తెచ్చాక చూడ్డానికి ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్ళకి మర్యాద చెయ్యాలి కదా. దాని మంచం చుట్టూ కూచుని, వేడి వేడి చాక్లెట్ పాలు తాగుతూ, తీపిరొట్టె ముంచుకుని తింటూ, అయ్యో తొమాసా అన్నారు. అది వాళ్ళ నోళ్ళకేసి చూస్తూ పడుకుంది. పోయేదాకా చూస్తూనే ఉంది. నేను అట్లా పడుకోను."

"మీ అక్కది వేరు, మీది వేరు కావొచ్చు," అంది సెనాయిదా. "ఇవాళే వెళ్దాం ఆసుపత్రికి. ఫిదెన్సియో, లే, బండి మాట్లాడు."

"నేను రాను."

"అమ్మా!"

"ఎత్తుకెళ్తావా? దారిలో అరుస్తాను."

ఫిదెన్సియో ఏడవడం మొదలుపెట్టాడు. పెద్దమనిషి, నెరిసిన జుట్టు, మెళ్ళో టేపు వేలాడుతూ, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ముసలామె కొడుకుని చూడలేక మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

కింద గుడి ముందు ఎవరో బల్లలు వేస్తున్నారు సభకి.

"వాళ్ళు నిన్ను అడుగుతారు, కాదూ?" అంది దొమితిలా. "అన్నం ఎందుకు పారేశారని."

"అడుగుతారు."

"ఏం చెప్తావు?"

"నిజం చెప్తాను. ఇంకేం చెప్తాను? తెలిస్తే వాళ్ళే..."

"చెప్పకు." ముసలామె చెయ్యి వచ్చి కోడలి మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో ఇంకా అంత బలం ఉందని ఎవరూ అనుకోరు. "బద్ధకస్తులమని చెప్పు. కొవ్వెక్కినవాళ్ళమని చెప్పు. ఏమైనా చెప్పుకో. నా గొంతు మాట మాత్రం బయటికి రాకూడదు. అలా మాటిస్తే రేపు పొద్దున్నే నా కాళ్ళతో నేను నడిచొస్తాను ఆసుపత్రికి. గొట్టం వేస్తామన్నా పడుకుంటాను. ఒక్క మాట బయటపడిందో, ఈ కుర్చీలోంచి నన్ను ఎవరూ కదిలించలేరు."

"అత్తయ్యా, అక్కడ నా పరువు..."

"తెలుసు."

సెనాయిదా భర్త వైపు చూసింది. అతను చేతుల్లో మొహం దాచుకుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

ఒకప్పుడు చెత్తబండి వారానికి రెండుసార్లు కూడా రావడం మానేసి, వీధి మలుపుల్లో గుట్టలు పేరుకుని, కుక్కలు, ఈగలు, పిల్లలకి విరేచనాలు. అప్పుడు ఇల్లిల్లూ తిరిగి రెండు బకెట్లు పెట్టించింది తను. గుడి వెనక ఎరువుగుంట తవ్వించింది తను. వేరుచేసిన చెత్త అయితేనే తీసుకెళ్తామన్న బండివాళ్ళ ముందు నిలబడి, ఒక్కొక్క బకెట్ మూత తీసి చూసి, సరే అన్నది తను. కాలనీలో ఆమెకంటూ ఉన్నది ఆ మాట ఒక్కటే. సెనాయిదా చెప్తే చేసి చూపిస్తుంది అన్న మాట.

"మాటిస్తున్నాను," అంది.

మణికట్టు మీద వేళ్ళు వదులయ్యాయి.

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఒక్కటి చెప్పండి. మీరు వాగుదాకా దిగలేరు. మన బకెట్లో వేస్తే నేను చూస్తానని భయం, అది అర్థమైంది. మరి సంచులు మోసింది ఎవరు?"

"అది అడక్కు."

"అత్తయ్యా..."

"ఆ మనిషికి కూడా నేను మాటిచ్చాను."

*

గుడి ముందు బల్లలన్నీ నిండిపోయాయి. వాన మళ్ళీ వచ్చేలా ఉన్నా ఎవరూ లేచి వెళ్ళలేదు. వెనక ఎరువుగుంట మీద గుమ్మడితీగ గోడదాకా పాకి, పసుప్పచ్చ పూలు విచ్చుకుని ఉంది. ఫిదెన్సియో రాలేదు. తల్లి దగ్గర ఉండిపోయాడు. సెనాయిదా ఒక్కతే ముందు వరసలో కూచుంది. ఆమె పక్కన రెండు వైపులా బల్ల ఖాళీ.

రుఫీనా లేచింది.

"అబుందియోగారూ, నేనొకటి అడుగుతా. బకెట్లు మంచివి కావని నేననను. ఈగలు తగ్గాయి. మా చిన్నాడు ఈ ఏడు ఒక్కసారి కూడా మంచం పట్టలేదు. ఆ గుంట ఎరువుతో కొత్తిమీర వేసుకున్నాం. అంతా నిజమే. కానీ దానికి మేమేం ఇచ్చామో అదెవరైనా చెప్పారా? మా బకెట్ మూత తియ్యనిచ్చాం. మొన్న చలికాలంలో అందరి ముందూ ఈవిడ నన్నేమడిగింది? 'ఇన్ని మాత్రల రేకులేంటి రుఫీనా, ఎవరికి ఏమైంది?' అని. నాకు నిద్రపట్టడం లేదన్న సంగతి నా మొగుడికే చెప్పలేదు నేను. ఆ రోజు సాయంత్రానికి కాలనీ అంతా తెలిసింది."

సెనాయిదాకి ఆ రోజు గుర్తొచ్చింది. మంచికే అడిగింది. మంచికే అడిగానని ఇన్నాళ్ళూ అనుకుంది. తల వంచుకుంది.

"మా చెత్తలో ఏముందో ఈవిడకి తెలియాలి. ఈవిడ చెత్తలో ఏముందో మాకు తెలియక్కర్లేదా? అదొక్కటీ అడగండి."

అబుందియోగారు గొంతు సవరించుకున్నాడు. "సెనాయిదా, ఆ సంచి మీ ఇంటిదేనా?"

ఆమె లేచి నిలబడింది.

"మా ఇంటిదే."

"ఎవరు పారేశారమ్మా?"

"నేనే."

గుసగుసలు ఒక్కసారి ఆగిపోయాయి. తప్పించుకుంటుందని, ఎవరి మీదో తోసేస్తుందని అనుకున్నవాళ్ళంతా నోరు తెరుచుకుని చూశారు. రుఫీనా కూడా కూచోవడం మర్చిపోయింది.

"నువ్వా?" అన్నాడు అబుందియోగారు. "వండిన అన్నం? ఎందుకు?"

"ఎక్కువ వండాను. మిగిలింది. గుంటలో వేస్తే నలుగురూ చూస్తారని సిగ్గేసింది." ఒక్కొక్క మాటా రాయిలా బయటికొచ్చింది. "తీర్మానం చేయించింది నేను. అది నాకూ వర్తిస్తుంది. రేపట్నించి మా చెత్త బండెక్కదు. వాగు మేమే బాగుచేస్తాం. బకెట్ల దగ్గర నిలబడే పని ఇంకెవరికైనా ఇవ్వండి."

"థూ," అన్నాడు వెనక నుంచి ఎవరో ముసలాయన.

"మా పిల్లలు రెండో రొట్టె అడిగితే నీళ్ళు తాగమంటున్నాను నేను," అంది ఇంకో ఆవిడ. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. నమ్మలేకపోవడం ఒక్కటే ఉంది.

సెనాయిదా కూచోబోయింది.

"అబద్ధం."

ఆ మాట పక్కనుంచి వచ్చింది. గుడి గోడ దగ్గర నిలబడి ఉంది కసిమీరా. పొద్దుటి బురదగౌను ఇంకా మార్చుకోలేదు. అందరికంటే ఎక్కువ నష్టపోయిన మనిషి కాబట్టి ఆమెకి దారి ఇస్తూ జనం పక్కకి జరిగారు.

"ఈ పిల్ల పారేయలేదు. దీనికి ఏ పాపం తెలియదు. ఆ సంచులు వాగులో పడేసింది నేను."

"నువ్వేంటి కసిమీరా?" అబుందియోగారు లేచి నిలబడ్డాడు. "వాళ్ళింటి సంచి నువ్వెందుకు పడేస్తావు? కొట్టుకుపోయింది నీ వంటిల్లే కదా!"

"అదే అబుందియోగారూ. నా చేత్తో పడేసిన సంచులే తూముకి అడ్డంపడి నా పొయ్యి ముంచాయి. అందుకే పొద్దున అంత అరిచాను. గట్టిగా అరిస్తే నన్నెవరూ అనుమానించరనుకున్నాను."

చినుకు మొదలైంది. ఒక్కరూ లేవలేదు.

"రోజూ దొమితిలక్కని చూడ్డానికి వెళ్తానా, వచ్చేటప్పుడు శాలువా కింద పొట్లాం పెట్టేది. తీసుకెళ్ళి నా పందికి వేసేదాన్ని. మంచి తిండి కదా, పంది బాగా బలిసింది. నా మనవడి నామకరణానికి కోసి మీ అందరికీ పెట్టాను. మీరంతా తిన్నది ఆ పందినే."

ఎవరో చేత్తో నోరు మూసుకున్నారు. సెనాయిదా బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఆ విందులో తను రెండోసారి అడిగి వడ్డించుకుంది. ఆ రాత్రి డాన్సు కూడా చేసింది. అత్తగారు ఇంట్లో చారునీళ్ళు గుటక వేస్తూ కూచున్న రోజు అది.

"పంది పోయింది, పొట్లాలు ఆగలేదు," అంది కసిమీరా. "నా బకెట్లో వేద్దామంటే సెనాయిదా వంట సెనాయిదాకి తెలియదా? వాసన చూస్తే చాలు పట్టేస్తుంది. ఇంక వాగే దిక్కయింది నాకు."

"పట్టేస్తే ఏమవుతుంది?" అంది రుఫీనా. గొంతులో వెటకారం పోయింది. "తన వంట తను గుర్తుపడితే ఏమైంది? దొమితిలమ్మ ఎందుకు ఇచ్చేది నీకు? ఆవిడ తినేది కాదా?"

కసిమీరా చేత్తో గోడ పట్టుకుంది. రోజూ తనొక్కతే మోసిన బరువు అది. సెనాయిదా ఇంట్లో జరిగింది ఆవిడకి తెలియదు. రేపటి ఆసుపత్రి సంగతి తెలియదు. ముసలామెకి కోడలు ఇచ్చిన మాట తెలియదు. పొద్దున అరిచి దాచినదాన్ని ఇప్పుడు అందరి ముందూ కడిగేసుకోవాలని వచ్చిన మనిషి.

సెనాయిదా తల అడ్డంగా ఊపింది. వద్దు, వద్దు అని. కసిమీరా కళ్ళ నిండా నీళ్ళు. ఆవిడకి ఏమీ కనబడటం లేదు.

"ఎందుకంటే అబుందియోగారూ, దొమితిలక్కకి..."

సెనాయిదా బల్లలు తోసుకుంటూ పరిగెత్తింది. ఎవరి కాలో తొక్కింది. ఎవరి పిల్లో కెవ్వుమంది. గోడ దగ్గరికి చేరి, తల్లి వయసున్న ఆ మనిషి నోటిమీద తన అరచెయ్యి గట్టిగా నొక్కేసింది.

జనమంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు.

కసిమీరా నిర్ఘాంతపోయి చూసింది. ఆవిడ వెచ్చటి ఊపిరి, కన్నీళ్ళు సెనాయిదా వేళ్ళ సందుల్లోంచి కారుతున్నాయి. వాన పెద్దదయింది. పైన కొండమీద, తమ ఇంటి కిటికీ దగ్గర, రెండు ఆకారాలు నిలబడి కిందికే చూస్తున్నాయి.

"సెనాయిదా," అన్నాడు అబుందియోగారు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం ఆ కాలనీలో ఎవరూ వినలేదు. "ఆవిణ్ణి చెప్పనీ. చెయ్యి తియ్యి."

సెనాయిదా చెయ్యి తియ్యలేదు.